ఇంటి దగ్గర కష్టం, ఇక్కడ వీసా భయం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ మీద ఉన్నాయి. అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకి ఇంటి దగ్గర ఏదో దెబ్బ తగిలింది, డబ్బులు ఆగిపోయాయి, వీసా పోకుండా ఎలా నెట్టుకురావాలి అని. నేను చాలా ఏళ్ళు ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓగా పనిచేశాను కాబట్టి ఈసారి మొత్తం కాలమ్ దీనికే ఇచ్చేస్తున్నా. డీఎస్ఓ అంటే మీ ఐ-20 (స్టూడెంట్ వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టే ఆఫీసర్, ఆ మాట కింద చాలాసార్లు వస్తుంది.

ప్రశ్న: నమస్తే అక్కా, నేను టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నా, ఇప్పుడు రెండో సెమిస్టర్. వరదలో మా నాన్న గోడౌన్ మొత్తం మునిగిపోయింది, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంకా ఏమీ తేల్చలేదు, ఇంటి నుంచి డబ్బులు రావడం ఆగిపోయింది. మా ల్యాబ్‌లో ఒక ఉక్రెయిన్ సీనియర్ ఉన్నాడు, అక్కడ యుద్ధం మొదలయ్యాక తనకి క్యాంపస్ పనికి ఉండే వారానికి 20 గంటల లిమిట్ తీసేశారని, క్లాసులు కూడా తగ్గించుకున్నానని చెప్పాడు. వరద కూడా విపత్తే కదా, మరి నాకెందుకు ఇవ్వరు? ఎక్కడ అప్లై చేయాలి?

జవాబు: తమ్ముడూ, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారనే అనుకుంటున్నా, గోడౌన్ సంగతి తర్వాత.

నీ సీనియర్ చెప్పింది నిజమే. దాన్ని స్పెషల్ స్టూడెంట్ రిలీఫ్ అంటారు. ఒక దేశంలో యుద్ధమో భూకంపమో ఆర్థిక సంక్షోభమో వచ్చి అక్కడి పిల్లలకి ఇంటి నుంచి డబ్బు అందని పరిస్థితి వస్తే, ఇక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఫెడరల్ రిజిస్టర్లో, అంటే ప్రభుత్వ గెజిట్లో, ఒక నోటీసు వేసి, ఆ దేశం పిల్లలకి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) రూల్స్‌లో కొన్నింటిని కొంతకాలం పక్కన పెడుతుంది. అప్పుడు క్యాంపస్ మీద 20 గంటలు దాటి పనిచేసుకోవచ్చు, బయట పనికి పర్మిషన్ అడగొచ్చు, క్లాసులు కూడా తగ్గించుకోవచ్చు. బ్యాచిలర్స్ వాళ్ళు టర్ముకి కనీసం 6 క్రెడిట్లు, మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్ళు కనీసం 3 క్రెడిట్లు చేస్తే ఫుల్‌టైమ్ కింద లెక్కేస్తారు. ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది 2022 ఫిబ్రవరి 24న, నోటీసు వచ్చింది ఏప్రిల్ 19న, అంటే రెండు నెలల లోపే. నేపాల్ పిల్లలకి మాత్రం చాలా ఆలస్యమైంది, భూకంపం 2015 ఏప్రిల్లో వస్తే నోటీసు నవంబరులో వచ్చింది, ఆ మధ్య ఆరు నెలలకి పైగా ఆ పిల్లలు ఎలా గడిపారో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. యుద్ధాలు, భూకంపాలకే కాదు, 1997లో ఆసియా కరెన్సీలు కుప్పకూలినప్పుడు కూడా ఇచ్చారు, 1998 జూన్‌లో ఇండోనేషియా, దక్షిణ కొరియా, మలేషియా, థాయిలాండ్, ఫిలిప్పీన్స్, ఈ ఐదు దేశాల పిల్లలకి.

నాకెందుకు ఇవ్వరు అన్నావు కదా, అది దేశం పేరు మీద వచ్చే సాయం. నీ ఇంటికి ఎంత నష్టం జరిగిందనేది రెండో మెట్టు, ముందు నీ పాస్‌పోర్టు మీదున్న దేశానికి నోటీసు ఉండాలి. ఇండియా పేరు మీద అలాంటి నోటీసు అమల్లో లేదు. నోటీసు ఉన్న దేశం వాళ్ళకి కూడా ఊరికే వచ్చేయదు, నోటీసు వచ్చిన రోజుకి ఇక్కడ ఎఫ్-1 మీద ఉండాలి, స్టేటస్ సరిగ్గా ఉండాలి, ఆ సంక్షోభం వల్లే డబ్బు కష్టం వచ్చిందని డీఎస్ఓ దగ్గర చూపించాలి. గడువు కూడా ఉంటుంది, పొడిగిస్తే పొడిగిస్తారు లేకపోతే లేదు, కాబట్టి మీ సీనియర్ కూడా పాత కాగితాన్ని నమ్ముకుని కూర్చోకుండా ఇప్పటి నోటీసు ఏం చెప్తోందో చూసుకోవాలి.

అయితే ఇక్కడితో నిరాశ పడకు, ఎందుకంటే నీకు ఇంకో దారి ఉంది, మన పిల్లల్లో చాలామందికి దీని పేరు కూడా తెలియదు. సివియర్ ఎకనామిక్ హార్డ్‌షిప్ అంటారు. దీనికి దేశంతో పనిలేదు, నీ కథ చాలు. రూల్లోనే రాసిపెట్టారు ఏమేం కారణాలు చెల్లుతాయో: నీ తప్పు లేకుండా స్కాలర్‌షిప్పో క్యాంపస్ జాబో పోవడం, కరెన్సీ రేటు బాగా పడిపోవడం, ఫీజులు గాని ఖర్చులు గాని విపరీతంగా పెరగడం, నిన్ను చదివిస్తున్న వాళ్ళ ఆర్థిక పరిస్థితి అనుకోకుండా మారిపోవడం, హాస్పిటల్ బిల్లులు లాంటి పెద్ద ఖర్చులు. మీ నాన్నగారి గోడౌన్ సంగతి ఆ నాలుగో దాంట్లోకి నేరుగా వస్తుంది.

షరతులు ఉన్నాయి మరి. ఎఫ్-1 మీద ఒక పూర్తి అకడమిక్ ఇయర్ అయ్యుండాలి, నువ్వు రెండో సెమిస్టర్లో ఉన్నానన్నావు కాబట్టి ఇది పూర్తయ్యేదాకా ఆగాలి. చదువు సరిగ్గా సాగుతుండాలి, ఈ పని వల్ల ఫుల్‌టైమ్ చదువుకి అడ్డం రాకూడదు, క్యాంపస్ మీద పని దొరకలేదనో దొరికినా సరిపోవట్లేదనో చూపించాలి. డీఎస్ఓ ఒప్పుకుంటే, విదేశీ విద్యార్థుల రికార్డులుండే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ అయిన సెవిస్‌లో రికమెండేషన్ పెట్టి కొత్త ఐ-20 ఇస్తారు, అక్కడి నుంచి 30 రోజుల లోపు నువ్వు ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్‌కి ఐ-765 అనే పని పర్మిషన్ ఫారం వేయాలి, కేటగిరీ దగ్గర సీ3-3 అని, అంటే సీ, పక్కన 3, ఆ పక్కన రోమన్ అంకె మూడు. ఈఏడీ కార్డు, అంటే పని పర్మిషన్ కార్డు, చేతికొచ్చాకే పని మొదలుపెట్టాలి, అప్లై చేశాను కదా అని ముందే దిగకు. కార్డు మహా అయితే ఏడాదికి ఇస్తారు, కష్టం ఇంకా ఉంటే మళ్ళీ అడగొచ్చు, క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్‌టైమ్. ఎక్కడైనా చేయొచ్చు, నీ సబ్జెక్టుకి సంబంధించిన పనే కావాలని లేదు. ఇది ఓపీటీలోంచి (చదివిన సబ్జెక్టులో పని చేసుకోవడానికి విడిగా ఇచ్చే పర్మిషన్) కోత పడదు, చాలామంది ఆ భయంతోనే అడగరు, ఆ భయం వదిలెయ్. ఇంకో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయితే మాత్రం ఈ పర్మిషన్ అక్కడితో పోతుంది.

ఇప్పుడు ఆగాల్సిన ఈ కొన్ని నెలల్లో ఏం చేయాలంటే, కాగితాలు పోగుచెయ్. గోడౌన్ ఫోటోలు తేదీలతో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితం, వరదకి ముందూ తర్వాతా నాన్నగారి బ్యాంక్ స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు ఉంటే అవి, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం, అనువదించిన వాళ్ళ సంతకంతో ధ్రువీకరణ. వీటితో పాటు నువ్వే రాసిన ఒక ఉత్తరం. అందులో ఏడుపు కంటే లెక్క ముఖ్యం, వీసాకి వచ్చినప్పుడు ఇంత చూపించాం, ఇంత వస్తుందనుకున్నాం, ఫలానా నెలలో ఆగింది, ఇప్పుడు నెలకి ఇంత తక్కువ పడుతోంది, క్యాంపస్ మీద ఎక్కడెక్కడ అప్లై చేశాను ఎవరు లేదన్నారు. ఆఫీసర్ నిన్ను చూడడు తమ్ముడూ, నీ గొంతు వినడు, ఆ కాగితాలే వాడి ముందు ఉంటాయి. నేను చూసిన వాటిలో తిరిగొచ్చిన ఫైళ్ళు ఎక్కువగా కష్టం లేక తిరిగొచ్చినవి కావు, కష్టం ఎప్పుడు మొదలైందో కాగితం మీద కనపడక తిరిగొచ్చినవి.

ప్రశ్న: మేడం, పేరు వేయకండి. ఇంటి నుంచి డబ్బులు ఆగి మూడు నెలలు. ఫ్రెండ్స్ ఒక గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ మీద పని ఇప్పిస్తామంటున్నారు, రెండు నెలలే, ఎవరికీ తెలియదు అంటున్నారు. అద్దె కట్టాలి, వేరే దారి కనపడట్లేదు.

జవాబు: వద్దమ్మా. నీ అవసరం నాకు అర్థమవుతోంది, అద్దె అడిగేవాడు రూల్స్ వినడని కూడా తెలుసు, అయినా వద్దనే చెప్తున్నా, ఎందుకో కూడా చెప్తా.

ఎఫ్-1 స్టేటస్ పోతే తిరిగి తెచ్చుకోవడానికి రీఇన్‌స్టేట్‌మెంట్ అని ఒకటుంది. క్లాసులు తక్కువయ్యాయా, మన చేతిలో లేని కారణం వల్ల స్టేటస్ పోయిందా, మామూలుగా ఐదు నెలల లోపు అడిగితే క్షమించే అవకాశం ఉంది. కానీ ఆ రూల్లోనే ఇంకో షరతు ఉంది, పర్మిషన్ లేకుండా పనిచేసి ఉండకూడదు అని. అంటే ఇంకే తప్పు జరిగినా కనీసం తలుపు తట్టుకునే వీలుంది, ఈ ఒక్క పని ఆ తలుపుని మూసేస్తుంది. ఆ తర్వాత వీసా స్టాంపింగ్ అప్పుడు, హెచ్-1బీ అప్పుడు, గ్రీన్ కార్డు అప్పుడు, ప్రతి ఫారంలో నువ్వెప్పుడైనా అనుమతి లేకుండా పనిచేశావా అనే ప్రశ్న ఏదో రూపంలో ఎదురొస్తుంది, అప్పుడు నిజం చెప్పినా కష్టమే, అబద్ధం చెప్తే ఇంకా పెద్ద కష్టం. క్యాష్ ఇచ్చేవాడు జీతం ఎగ్గొడితే గట్టిగా అడగలేవు, అక్కడ నీకేమన్నా అయితే నోరెత్తలేవు, ఆడపిల్లవి రాత్రి షిఫ్టుల్లో ఒక్కదానివి ఉంటావు, అది తలుచుకుంటే నాకు వీసా కంటే ఎక్కువ దిగులుగా ఉంది.

రేపు పొద్దున్నే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. డబ్బులు ఆగిపోవడం తప్పు కాదు, చెప్పినంత మాత్రాన నీ ఐ-20 తీసేయరు. ఫీజు వాయిదాల్లో కట్టే ప్లాన్ బర్సార్ ఆఫీసులో అడుగు, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ దగ్గర ఎమర్జెన్సీ ఫండ్ ఉందేమో అడుగు, చాలా చోట్ల అది ఇంటర్నేషనల్ స్టూడెంట్లకి కూడా ఇస్తారు, క్యాంపస్‌లో సరుకులు ఉచితంగా ఇచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉంటే మొహమాటపడకుండా వెళ్ళు. క్యాంపస్ జాబ్‌కి ఏడాది ఆగక్కర్లేదు, ఈఏడీ అక్కర్లేదు, లైబ్రరీ, డైనింగ్ హాల్, క్యాంపస్ లోపలున్న బుక్‌స్టోర్, ఇవన్నీ వస్తాయి. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి 20 గంటలే అన్నది గుర్తుపెట్టుకో, ఒక్కో చోట 20 అనుకుని పొరపాటు పడ్డ పిల్లలు నా దగ్గరికి వచ్చారు. ఇంకా నువ్వు చెప్పలేదు గాని ఏడాది నిండి ఉంటే పైన తమ్ముడికి రాసిన హార్డ్‌షిప్ దారి నీకు ఇప్పుడే తెరిచి ఉంది.

ప్రశ్న: ఆంటీ, మా అన్నయ్య పోయాడు, ఇంటిని నడిపేది తనే. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు, క్లాసులో కూర్చుంటే ఏమీ ఎక్కట్లేదు. డబ్బు కూడా కలిసొస్తుందని ఒక కోర్సు డ్రాప్ చేద్దామనుకుంటున్నా. ఎఫ్-1 మీద చేయొచ్చా?

జవాబు: అయ్యో నాన్నా. ఏం చెప్పినా తక్కువే.

కోర్సు డ్రాప్ బటన్ మాత్రం ఇవాళ నొక్కకు. డబ్బు కలిసొస్తుందని కోర్సులు తగ్గించుకోవడానికి ఎఫ్-1 రూల్స్‌లో మామూలుగా అనుమతి లేదు, స్పెషల్ స్టూడెంట్ రిలీఫ్ ఉన్న దేశాల వాళ్ళకి మాత్రమే అది కుదురుతుంది. కానీ ఆరోగ్యం బాగోలేదంటే కుదురుతుంది. నువ్వు రాసింది చూస్తే నీ కారణం డబ్బు కాదు, నీకు నిద్ర లేదు, బుర్ర పనిచేయట్లేదు, అది ఆరోగ్యమే. లైసెన్స్ ఉన్న డాక్టర్ గాని క్లినికల్ సైకాలజిస్ట్ గాని ఈ టర్ములో ఈ అమ్మాయికి క్లాసులు తగ్గించాలి అని లెటర్ ఇస్తే డీఎస్ఓ తక్కువ కోర్సులకి అనుమతి ఇవ్వగలరు, అవసరమైతే ఆ టర్ము మొత్తానికి కూడా. ఒక డిగ్రీ లెవెల్లో అన్నీ కలిపి 12 నెలల దాకా ఉంది. ప్రతి టర్ముకీ మళ్ళీ లెటర్ కావాలి.

క్యాంపస్ కౌన్సిలింగ్ సెంటర్ ఉంటుంది కదా, మనవాళ్ళు పిచ్చివాళ్ళు వెళ్ళే చోటు అనుకుని దాని గుమ్మం తొక్కరు, నువ్వు వెళ్ళు. లెటర్ కోసం అని కాదు, నీ కోసం. అక్కడ కౌన్సిలర్ రాసే లెటర్ చెల్లుతుందా లేదా అన్నది వాళ్ళ లైసెన్స్ ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది, చెల్లకపోతే హెల్త్ సెంటర్ డాక్టర్ దగ్గరికి వాళ్ళే పంపిస్తారు.

వరస మాత్రం తప్పొద్దు. ముందు లెటర్, తర్వాత డీఎస్ఓ సెవిస్‌లో పెట్టడం, ఆ తర్వాత డ్రాప్. మా ఆఫీసుకి ఒక అబ్బాయి వచ్చాడు, వాళ్ళ అమ్మ పోయారు, కారణం వంద శాతం నిజం, అడిగి ఉంటే ఆ రోజే ఇచ్చేవాళ్ళం, కానీ వాడు మూడు వారాల ముందే రెండు కోర్సులు డ్రాప్ చేసేసి వచ్చాడు. ఆ మూడు వారాల కోసం వాడు రీఇన్‌స్టేట్‌మెంట్ వేసుకుని నెలల తరబడి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. వాడికెవరూ ముందు చెప్పలేదు, అది నాకిప్పటికీ బాధే.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి అక్కడ ఎంఎస్ మొదటి సంవత్సరం. మేము లెక్క వేసుకున్నప్పటికి ఇప్పటికి డాలర్ చాలా పెరిగింది, లోను సరిపోవట్లేదు. పైగా నాకు ఉద్యోగం పోయింది. వాడిని ఆపేసి వచ్చేయమనాలా? మళ్ళీ వెళ్ళనిస్తారా?

జవాబు: అన్నగారూ, మీలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి. 2022 మొదట్లో డాలర్ 75 రూపాయల లోపే ఉండేది, 2024 డిసెంబరుకి 85 దాటింది. 20,000 డాలర్ల ఫీజు అనుకుంటే 15 లక్షలు అనుకున్నది ఆ రేటుకి 17 లక్షలు అయింది, మనవాళ్ళకి ఆ రెండు లక్షలే మెడకి చుట్టుకుంటాయి.

కరెన్సీ పడిపోవడం హార్డ్‌షిప్ రూల్లో ఉందని పైన రాశాను. కానీ నిజం చెప్పాలంటే మెల్లమెల్లగా జారే రూపాయి ఒక్కటే చూపిస్తే కేసు బలంగా ఉండదు. నైజీరియా నైరా సంగతి చూడండి, 2023 జూన్‌లో రేటు వదిలేసే ముందు డాలరుకి సుమారు 460 ఉండేది, 2024 ఫిబ్రవరికి 1500 దాటింది, అలాంటి దెబ్బ అయితే కాగితం తనే మాట్లాడుతుంది. మీ విషయంలో మీ ఉద్యోగం పోవడమే అసలు కారణం, రూపాయి దానికి తోడు. కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, ఆఖరి పే స్లిప్పులు, లోను శాంక్షన్ లెటర్ స్కాన్ చేసి అబ్బాయికి పంపండి. ఏడాది నిండగానే వాడు అప్లై చేసుకుంటాడు.

ఒకవేళ ఆపేసి రావడమే మేలని అందరూ కలిసి అనుకుంటే అది కూడా పద్ధతిగా చేసుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందే డీఎస్ఓకి చెప్పి అనుమతితో విత్‌డ్రా అయితే దేశం వదలడానికి 15 రోజులు ఇస్తారు. చెప్పకుండా మానేస్తే ఒక్క రోజు కూడా ఇవ్వరు, రికార్డులో మచ్చ పడుతుంది, రేపు వీసాకి వెళ్తే ముందు అదే అడుగుతారు. మళ్ళీ వెళ్ళే సంగతి ఏంటంటే, బయట ఉన్నది ఐదు నెలల లోపైతే డీఎస్ఓ సాయంతో పాత సెవిస్ రికార్డుతోనే తిరిగి వెళ్ళే వీలుంటుంది. ఐదు నెలలు దాటితే కొత్త ఐ-20, సెవిస్ ఫీజు 350 డాలర్లు మళ్ళీ, ఏడాది లెక్క కూడా మళ్ళీ మొదటి నుంచి, అంటే సీపీటీ (చదువులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్ పర్మిషన్), హార్డ్‌షిప్ లాంటివాటికి ఇంకో ఏడాది ఆగాలి. అందుకని ఒక్క సెమిస్టర్ ఆగుదాం అనుకునేవాళ్ళు టికెట్ కొనే ముందు తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి, మే నుంచి ఆగస్టు అంటే సరిపోతుంది, ఆగస్టులో వచ్చేసి జనవరిలో వెళ్దామంటే ఒక్కోసారి పది రోజుల తేడాతో దాటిపోతుంది.

ఇంకో మాట, మీకు ఉద్యోగం పోయిన సంగతి అబ్బాయికి పూర్తిగా చెప్పారా? చాలామంది తండ్రులు చెప్పరు, వాడు అక్కడ చదువుకోవాలి కదా అని. కానీ అప్లికేషన్ వేయాల్సింది వాడు, ఆ కాగితాల మీద సంతకం వాడిది.

ప్రశ్న: నా రూమ్మేట్ నేపాల్ అబ్బాయి, వాళ్ళ అక్కకి అప్పట్లో టీపీఎస్ వచ్చిందట. టీపీఎస్ ఉంటే ఇంక ఎఫ్-1 అక్కర్లేదా, రెండూ ఉండొచ్చా?

జవాబు: రెండూ ఉండొచ్చు. టీపీఎస్ అంటే టెంపరరీ ప్రొటెక్టెడ్ స్టేటస్, ఆ దేశానికి తిరిగి పంపడం క్షేమం కాదనుకున్నప్పుడు ఇచ్చేది, నేపాల్‌కి 2015 జూన్‌లో ఇచ్చారు, స్టూడెంట్లకే అని ఏం లేదు, ఎవరికైనా. దాని మీద పని చేయడానికి విడిగా ఈఏడీ వస్తుంది. కానీ ఆ ధైర్యంతో క్లాసులు తగ్గించేస్తే ఎఫ్-1 పోతుంది, స్పెషల్ స్టూడెంట్ రిలీఫ్ కూడా ఉంటే తప్ప. రేపు టీపీఎస్ ఎత్తేస్తే అప్పుడు చేతిలో ఏదీ మిగలదు. వీలైనంత వరకు ఎఫ్-1 బతికించుకోమనే చెప్తాను.

ప్రశ్న: మా వారు ఎఫ్-1, నేను ఎఫ్-2. ఆయనకి హార్డ్‌షిప్ అప్రూవ్ అయితే నేను కూడా పని చేయొచ్చా?

జవాబు: లేదమ్మా, ఎఫ్-2 మీద పనికి అనుమతి లేదు, ఆయనకి వచ్చింది ఆయనకే.

ప్రశ్న: అక్కా, ఇలాంటి పిల్లలకి డబ్బు సాయం చేసే సంస్థలు ఏమైనా ఉన్నాయా, లోను కాకుండా?

జవాబు: ఉన్నాయి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ అనే సంస్థ దగ్గర ఎమర్జెన్సీ స్టూడెంట్ ఫండ్ అని ఉంది, సొంత దేశంలో ప్రకృతి విపత్తులు, యుద్ధాలు లాంటివి వచ్చినప్పుడు ఇక్కడ చదువుతున్న పిల్లలకి గ్రాంట్లు ఇస్తుంది. దానికి స్టూడెంట్ నేరుగా అప్లై చేయలేడు, యూనివర్సిటీ నామినేట్ చేయాలి. అది అన్ని వేళలా, అన్ని దేశాలకీ తెరిచి ఉండదు, ఫలానా సంక్షోభం అని వాళ్ళు ప్రకటించినప్పుడే తీసుకుంటారు. ఆ ప్రకటన యూనివర్సిటీలకి వస్తుంది, నీకు రాదు, ఆఫీసు వాళ్ళకి ఆ సమయంలో ఏ స్టూడెంట్ కష్టంలో ఉన్నాడో తెలిస్తేనే ఆ పేరు పంపగలరు. మా ఆఫీసులో అలాంటప్పుడు మేము ముందు తీసేది మా దగ్గరికి వచ్చి చెప్పుకున్న పిల్లల లిస్టే.

(మీ కేసులో ఏదైనా చిక్కు ఉంటే, ముఖ్యంగా ఇప్పటికే స్టేటస్ పోయి ఉంటే, డీఎస్ఓతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా కలవండి. ఐ-765 ఫీజు మారుతుంటుంది, ఫారం వేసే రోజు యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్లో చూసుకుని కట్టండి.)